పెట్ స్కాన్ బొమ్మ సరిగా రాలేదా? సమస్య - పరిష్కారం

చాలా రకాల క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ అందుతున్నా గ్లూకోజును పూర్తిగా కాల్చవు, లాక్టేటు అనే పదార్థంగా మార్చి వదిలేస్తాయి. ఈ దారిలో ఒక్కో గ్లూకోజు అణువుకు దక్కేది 2 ఏటీపీలే (కణానికి శక్తినిచ్చే అణువులు). కణంలోని శక్తి కేంద్రమైన మైటోకాండ్రియాలో కాలిస్తే 30 దాకా వస్తాయి. అందుకే వాటికి గ్లూకోజు అంత ఎక్కువ కావాలి. 1920లలో జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ గమనించిన ఈ ఆబ మీదే పెట్ స్కాన్ ఆధారపడింది. స్కాన్‌కు ముందు ఇంజెక్షన్‌గా ఇచ్చే, గ్లూకోజును పోలిన రేడియోధార్మిక మందు ఎఫ్‌డీజీ కణంలోకి దూరాక, హెక్సోకైనేజ్ అనే ఎంజైము దానికి ఫాస్ఫేటు తగిలిస్తుంది. ఇక అది ముందుకు సాగలేదు, బయటికి రాలేదు. అది పోగైన చోటు బొమ్మలో వెలుగుతుంది.

షుగర్ 200 దాటింది, వాయిదా వేశారు
రక్తంలోని గ్లూకోజు ఎఫ్‌డీజీకి పోటీ. అమలాపురం నుంచి విశాఖ వెళ్తూ అన్నవరం దగ్గర టీ తాగుతారు, ప్రసాదం తింటారు. నీళ్లే కదా అని కొబ్బరిబోండం కొట్టించుకుంటారు. మూడింట్లోనూ తీపి ఉంది. ఇంజెక్షన్‌కు 6 గంటల ముందు నుంచి మంచినీళ్లు తప్ప ఏదీ వద్దు. ప్రసాదం తిరుగు ప్రయాణంలో తీసుకోండి.

షుగర్ బాగానే ఉంది, కానీ కండలు వెలిగాయి, గడ్డ మసకేసింది
ఎక్కువసార్లు కారణం ఇన్సులినే. కండరకణం లోపల దాగి ఉండే గ్లట్4 వాహకాలను (గ్లూకోజును లోపలికి చేర్చే ప్రోటీన్లను) అది పైపొరకు తెస్తుంది, మందంతా కండలోకి పోతుంది. క్యాన్సర్ కణం ఎక్కువగా వాడే గ్లట్1కు ఇన్సులిన్‌తో పనిలేదు. కాబట్టి షుగర్ దించాలని చివరి నిమిషంలో ఇన్సులిన్ వేసుకోకండి. త్వరగా పనిచేసే రకానికీ స్కాన్ ఇంజెక్షన్‌కూ కనీసం 4 గంటల ఎడం ఉండాలి, మోతాదు డాక్టర్ చెప్పాలి.

ముందురోజు ధాన్యం బస్తాలు మోసినా, చెరువులో వల లాగినా ఇదే తంటా. 24 గంటలు బరువు పనులు మానండి. ఇంజెక్షన్ తర్వాత గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా పడుకోవాలి. మాట్లాడితే గొంతు కండరాలు వెలుగుతాయి.

మెడ, భుజాల దగ్గర మెరుపులు
ఏసీ చలికి గోధుమరంగు కొవ్వు వేడి పుట్టించడానికి గ్లూకోజు లాగుతుంది, చూస్తే లింఫ్ గ్రంథులేమో అనిపిస్తుంది. రోహిణీకార్తెలో వెళ్లినా దుప్పటి పట్టుకెళ్లండి.

పేగులు మెరిశాయి
మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వల్ల కావచ్చు. 48 గంటల ముందు ఆపాలేమో డాక్టర్‌నే అడగండి.

గడ్డ చక్కెర తింటుందని అన్నం మానిపించారు, మనిషి చిక్కిపోతున్నాడు
ఇది అన్నిటికన్నా ప్రమాదం. తిండి ఆపినా కండ కరుగుతుంది, దాంతో కాలేయం గ్లూకోజు తయారుచేస్తుంది. క్యాన్సర్ కణం గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లాన్నీ వాడుకుంటుంది. పైగా గడ్డ వదిలిన లాక్టేటు నుంచి ఒక్కో గ్లూకోజును తిరిగి చేయడానికి కాలేయానికి 6 ఏటీపీలు ఖర్చు. 60 కిలోల మనిషికి రోజుకు 1500-1800 కెలోరీలు, 60-90 గ్రాముల ప్రోటీన్ కావాలి. పప్పన్నం, గుడ్లు, పెరుగు, కొరమేను ముక్కలు కొద్దికొద్దిగా ఐదారుసార్లు పెట్టండి. కిడ్నీ జబ్బుంటే ప్రోటీన్ లెక్క డాక్టరే చెప్పాలి.