టెన్నిస్ షూ: కొనేముందు ఏం చూడాలి, కొన్నాక ఏం గమనించాలి

షాపులో షూ వేసుకుని నాలుగడుగులు వేసి, "అబ్బ, భలే మెత్తగా ఉంది" అని బిల్లు కట్టేసేవాళ్ళే ఎక్కువ. నడకకి కొనే షూకైతే ఆ పరీక్ష చాలేమో గానీ టెన్నిస్ షూకి చాలదు. సింగిల్స్ కోర్టు వెడల్పు 8.23 మీటర్లు, అంటే బేస్‌లైన్ (కోర్టు వెనక చివర గీత) మధ్యలో నిలబడితే అటు నాలుగు మీటర్లు, ఇటు నాలుగు మీటర్లు. ఆ కాస్త జాగాలోనే పక్కకి దూకాలి, ఠక్కున ఆగాలి, మళ్ళీ వెనక్కి రావాలి, ఆట అయ్యేదాకా ఇదే పని. అందుకే నన్నడిగితే టెన్నిస్ షూలో సుఖం అంటే పక్కకి వెళ్ళి ఆగినప్పుడు షూ లోపల పాదం కదలకుండా ఉండటం. మెత్తదనం, బరువు, గ్రిప్ అన్నీ దాని తర్వాతే. కింద రాసిందంతా ఆ ఒక్క విషయాన్ని ఎలా పట్టుకోవాలన్నదాని గురించే.

ముందు ఇంట్లో ఉన్న పాత షూ తిరగేసి చూడండి, అది ఆడినదైతే ఇంకా మంచిది. బొటనవేలి మొదలు కింద రబ్బరు నున్నగా అయిపోయిందా? అయితే మీరు ఆ వేలి మీద గట్టిగా తిరుగుతారు, ఎక్కువమందికి మొదట అరిగేది అక్కడే. ముందు కొన దగ్గర, వేళ్ళ పక్కన గీసుకుపోయి ఉంటే సర్వ్ చేసేటప్పుడో ఫోర్‌హ్యాండ్ కొట్టేటప్పుడో వెనక కాలు ఈడుస్తున్నారని అర్థం. అలాంటివాళ్ళు బొటనవేలి వైపు రబ్బరు పైదాకా ఎక్కి ఉన్న షూనే తీసుకోవాలి, లేకపోతే సోల్ బాగానే ఉండగానే పైన బట్ట చిరిగిపోతుంది. మడమ బయటి అంచు ఒక్కటే బాగా అరిగి ఉంటే అడుగు బయటివైపు పడుతోందన్నమాట, అప్పుడు వెడల్పాటి అడుగున్న షూ వెతకాలి. ఇప్పుడు లోపలి ఇన్‌సోల్ బయటికి లాగి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. చిటికెనవేలు అంచు దాటి బయటికొస్తోందంటే మీ పాదం వెడల్పు ఎక్కువ, ఇన్నాళ్ళూ ఇరుకు షూతోనే నెట్టుకొచ్చారన్నమాట. మనలో చాలామంది చిన్నప్పటి నుంచి చెప్పులతోనే తిరిగాం కాబట్టి ఇలా వేళ్ళు విప్పారి ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. కొన్ని కంపెనీలు వెడల్పు పాదానికి వేరేగా చేస్తాయి, డబ్బా మీద 2ఈ అని ఉంటుంది, న్యూ బ్యాలెన్స్ వాళ్ళు దానికి పేరు. మామూలు వెడల్పులో ఒక నంబరు పెంచి తీసుకుంటే వెడల్పు సమస్య సగమే తీరుతుంది, పొడవు మాత్రం ఎక్కువైపోయి పాదం లోపల ముందుకీ వెనక్కీ జారుతుంది.

కొలత ఇంట్లోనే తీసుకోండి. గోడకి ఆనించి తెల్ల కాగితం పెట్టి, ఆడేటప్పుడు వేసుకునే సాక్సు వేసుకుని, మడమ గోడకి తగిలేలా నిలబడి, అన్నిటికంటే పొడవున్న వేలి కొన దగ్గర గీత పెట్టాలి. రెండు పాదాలకీ పెట్టాలి, ఒకటి కాస్త పెద్దగా ఉండటం మామూలే, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి. సాయంత్రం కొలిస్తే మంచిది, పొద్దుటికన్నా అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, కోర్టులో ఉండేది కూడా ఆ పాదమే. ఇంకోమాట. అలిపిరి మెట్లెక్కి కొండకి వెళ్ళొచ్చిన మర్నాడు మాత్రం షూ కొనడానికి బయల్దేరకండి. 3,550 మెట్లు వట్టికాళ్ళతో ఎక్కాక అరికాళ్ళు వాచి, మంట పుట్టి, ఏ షూ వేసినా ఇరుకే అనిపిస్తుంది. రెండు మూడు రోజులు ఆగండి.

ఇక నంబర్ల గొడవ. మన దగ్గర యూకే నంబరే వాడతాం, కానీ ఆ నంబరు అన్ని కంపెనీల్లో ఒక్కటి కాదు. అడిడాస్ 8 నంబరు డబ్బా మీద 26.5 సెంటీమీటర్లు అని ఉంటుంది, నైకీ 8 మీద 27 అని ఉంటుంది. అందుకే "నాది ఎనిమిదన్నా" అని అడగడం మానేసి, డబ్బా పక్కన చీటీ మీద సెంటీమీటర్లు చూడండి. మీ కొలత కంటే అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు దాకా ఎక్కువ ఉండేది ముందు వేసి చూడండి. నిలబడితే పొడవాటి వేలికి ముందు మీ చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. అంతకన్నా తగ్గితే, ఆగిన ప్రతిసారీ వేలు వెళ్ళి ముందుభాగానికి గుద్దుకుంటుంది, నాలుగు వారాలు తిరిగేసరికి గోరు కింద రక్తం గడ్డకట్టి నల్లబడుతుంది. టెన్నిస్ ఆడేవాళ్ళలో ఇది ఎంత మామూలంటే ఆ దెబ్బకి టెన్నిస్ టో అనే పేరే ఉంది.

తిరుపతిలో తిలక్ రోడ్డు, గాంధీ రోడ్డు వైపు షాపుల్లో టెన్నిస్ షూ అని అడిగితే మూడు రకాలు తెచ్చి ముందు పెడతారు, రన్నింగ్ షూ, బ్యాడ్మింటన్ షూ, ఇంకా జీన్స్ మీదకి వేసుకునే తెల్లటి స్నీకర్స్. మూడూ వద్దు. రన్నింగ్ షూ మడమ కింద ఎత్తుగా, మెత్తగా ఉంటుంది, నేరుగా పరుగెత్తడానికి చేసింది. దాంతో పక్కకి దూకి ఆగితే మడమ సోల్ అంచు మీద నుంచి ఒరిగి చీలమండ మెలిక పడుతుంది, ఈ కారణంగానే వారాల తరబడి కోర్టుకి దూరమైనవాళ్ళని నేను కళ్ళారా చూశాను. బ్యాడ్మింటన్ షూ పక్క కదలికలకి బాగానే ఉంటుంది గానీ అడుగున ఉండే మెత్తటి గమ్ రబ్బరు చెక్కనేల మీద పట్టుకోవడానికి చేసింది, సిమెంటు కోర్టు మీద చూస్తుండగానే అరిగిపోతుంది. "నాన్ మార్కింగ్ అన్నా, టెన్నిస్‌కి కూడా వస్తుంది" అని షాపతను అంటే, నాన్ మార్కింగ్ అంటే నేల మీద మచ్చ పడదని మాత్రమే, అరగదని కాదు. తెల్ల స్నీకర్స్ విషయానికొస్తే, స్టాన్ స్మిత్ లాంటివి ఒకప్పుడు నిజంగానే కోర్టులో ఆడటానికి చేసినవే, ఇప్పటి ఆటకి మాత్రం వాటిలో మడమకి, పక్కలకి ఉండాల్సిన ఆసరా లేదు. ఇక్కడ దొరక్కపోతే చెన్నై వెళ్ళేవాళ్ళు వెళ్తారు, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు. ఎక్కడ కొన్నా కింద చెప్పినవి చేసి చూడొచ్చు, ఇంట్లో టైల్స్ మీదైనా సరే, కాకపోతే వాపసు ఇవ్వాల్సి వస్తుందేమో అని సోల్‌కి మట్టి అంటకుండా, చీటీలు తీయకుండా చూసుకోండి.

వేసుకునేముందు చేతిలోకి తీసుకుని మూడు పనులు చేయండి. మడమ వెనక భాగాన్ని రెండు వేళ్ళతో గట్టిగా నొక్కండి, అణిగిపోకూడదు, గట్టిగా నిలవాలి. తర్వాత ఒక చేత్తో మడమ, ఇంకో చేత్తో ముందు కొన పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలితిప్పండి. సులువుగా తిరిగిపోయిందంటే ఆ షూ పక్కన పెట్టేయండి, నడుముభాగం గట్టిగా ఎదురు తిరగాలి. మూడోది, కొనని నేలకి ఆనించి పైనుంచి నొక్కితే షూ వేళ్ళ మొదలు దగ్గర వంగాలి. మధ్యలో, అంటే పాదం గుంట దగ్గర, వంగితే అరికాలు నొప్పి కొనితెచ్చుకున్నట్టే. అప్పుడే అడుగు కూడా చూడండి. మన చుట్టుపక్కల కోర్టులు ఎక్కువగా సిమెంటువో, దాని మీద రంగు పూసిన సింథటిక్‌వో కాబట్టి దళసరి గట్టి రబ్బరు, వంకర గీతల డిజైను ఉండేది, డబ్బా మీద హార్డ్ కోర్ట్ అనో ఆల్ కోర్ట్ అనో రాసి ఉండేది కావాలి. ఎర్రమట్టి కోర్టులో ఆడేవాళ్ళకి ఆ వంకర గీతలు అడుగంతా దగ్గరదగ్గరగా ఉండాలి, మట్టి ఇరుక్కోకుండా రాలిపోతుంది, కావాల్సినప్పుడు జారనిస్తుంది కూడా. చిన్న చిన్న బొడిపెలున్న సోల్ గడ్డి కోర్టుకి, అది మనకి అక్కర్లేదు.

ఇప్పుడు వేసుకోండి, రెండు కాళ్ళకీ, మీ సొంత దళసరి సాక్సుతో. షాపులో ఇచ్చే పల్చటి సాక్సుతో చూసి కొంటే కొలత తప్పుతుంది. లేసులు కింది నుంచి ఒక్కో వరస బిగించుకుంటూ రండి. ముందు పక్కకి మూడడుగులు దూకి ఒంటికాలి మీద ఆగండి, కుడికీ ఎడమకీ. చిటికెనవేలు పక్కగోడకి ఒరుసుకుంటోందా, పాదం ఇన్‌సోల్ దాటి అంచు మీదకి ఎక్కుతోందా గమనించండి. తర్వాత నాలుగడుగులు ముందుకి ఉరికి ఒక్కసారిగా ఆగండి, వేలు ముందుకి గుద్దుకోకూడదు. ఆ తర్వాత మునివేళ్ళ మీద లేచి నిలబడండి, మడమ షూలోంచి పైకి వస్తోందా? కొంచెం వస్తుంటే పైన మిగిలిన ఆఖరి కన్నంలోంచి లేసు అదే పక్కన లోపలికి దూర్చి చిన్న ఉచ్చులా వదలండి, రెండో పక్కా అలాగే చేసి, ఒక్కో లేసు కొనని ఎదుటి ఉచ్చులోంచి లాగి బిగించండి, మడమ చాలావరకు లాక్ అవుతుంది. అప్పటికీ వస్తుంటే ఆ షూ మీ మడమకి సరిపడేది కాదు, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా వదిలేయండి. షాపులో గెంతుతుంటే అందరూ చూస్తారు, చూడనీయండి, ఎనిమిది పది వేలు పెట్టేది మీరు.

మెత్తదనం గురించి కూడా చెప్పాలి. కుషన్ ఉండాలి, సిమెంటు మీద ఆడే మోకాళ్ళకి అది తప్పనిసరి, అందులోనూ నలభై దాటినవాళ్ళకి. కానీ మిడ్‌సోల్‌లో, అంటే అడుగు రబ్బరుకీ పాదానికీ మధ్య ఉండే మెత్తటి పొరలో, ఎక్కువగా వాడే ఈవీఏ ఫోమ్ వేడికి మెత్తబడుతుంది. ఏసీ షాపులో సరిగ్గా మెత్తగా ఉన్న షూ, మే నెలలో తిరుపతి ఎండకి కాలిన కోర్టు మీద ఇంకా కుంగుతుంది, కాలు ఊగుతున్నట్టు ఉంటుంది. షాపులో కాస్త గట్టిగా, నేల దగ్గరగా అనిపించే షూనే నేను ఎంచుకుంటాను. మన ఎండలకి ఇంకోటి, పైభాగం గాలాడేలా ఉండాలి, కానీ వేళ్ళ దగ్గర పక్కలంతా వట్టి జాలీ బట్టే ఉంటే పాదాన్ని పట్టదు. జాలీ మీద పల్చగా పూసిన ప్లాస్టిక్ పొరలు ఉండేవి మధ్యేమార్గం.

బరువు సంగతి మీ ఆటని బట్టి. ఒక్కో షూ 300 గ్రాముల నుంచి 400 పైదాకా ఉంటాయి. నెట్ దగ్గరికి ఉరికే డబుల్స్ ఆటగాళ్ళకి తేలికవి హాయిగా ఉంటాయి, బేస్‌లైన్ మీదే నిలబడి గట్టిగా కొట్టేవాళ్ళు, ఒళ్ళు బరువున్నవాళ్ళు కాస్త బరువైనా గట్టి షూ తీసుకోవాలి. ఏసిక్స్‌లో జెల్ రిజల్యూషన్, అడిడాస్‌లో బారికేడ్ ఈ గట్టి రకం, అవే కంపెనీల సొల్యూషన్ స్పీడ్, ఉబర్‌సోనిక్ తేలిక రకం. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి డెకాథ్లాన్ వాళ్ళ సొంత టెన్నిస్ షూ చాలు, పైన చెప్పిన పరీక్షల్లో నిలబడితే ధర తక్కువని చిన్నచూపు అక్కర్లేదు.

కొన్నాక నేరుగా మ్యాచ్‌కి వేసుకెళ్ళొద్దు. ఇంట్లో కాసేపు, తర్వాత అరగంట ర్యాలీ, ఆపైన పూర్తి ఆట. ఆడి వచ్చిన ప్రతిసారీ సాక్సు తీసి పాదం చూసుకోండి. మడమ వెనక, బొటనవేలి పక్కన, అరికాలి ముందు ఎక్కడ ఎర్రబడిందో అక్కడే తర్వాత బొబ్బ లేస్తుంది. చేయి లోపల పెట్టి ఆ చోట తడిమితే కుట్టో, మడతో వేలికి తగులుతుంది. మూడు నాలుగు ఆటల తర్వాత కూడా అదే చోట ఎర్రబడుతుంటే షూ సర్దుకుంటుందని ఎదురుచూడటం దండగ, తోలు కాదు కదా సాగడానికి, ఇప్పటి షూల పైభాగం చాలావరకు ప్లాస్టిక్ దారమే. మోకాలు, మడమ, పిక్క మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు ఎలా ఉన్నాయో కూడా చూసుకోండి, మడమ కింద మొదటి అడుగుకే పొడిచినట్టుంటే, రోజూ అలాగే ఉంటే, షూ మార్చడంతో ఆగకుండా డాక్టరుకి చూపించుకోండి.

పనితనం తేల్చుకోవడానికి కోర్టులో ఒక చిన్న పని చేయొచ్చు. బేస్‌లైన్ మధ్య గుర్తు నుంచి సైడ్‌లైన్ దాకా వెళ్ళి కాలు వేసి ఆగి మళ్ళీ మధ్యకి రండి, నాలుగైదు సార్లు, పాత షూతో ఒకసారి, కొత్తదాంతో ఒకసారి. ఆగేచోట కాలు అనుకోకుండా జారితే గ్రిప్ తక్కువ. మరీ అతుక్కుపోయి మోకాలికి జర్కు తగిలితే గ్రిప్ ఎక్కువ, అదీ మంచిది కాదు. ఆగిన వెంటనే మళ్ళీ బయల్దేరగలిగితే సరిగ్గా ఉన్నట్టు. కోర్టు మీద దుమ్ముంటే ఏ షూ అయినా జారుతుంది, చీపురుతో ఊడ్చాకే ఈ పరీక్ష పెట్టండి.

షూ అయిపోయిందని తెలిసేది సోల్ చూసి మాత్రమే కాదు, కుషన్ చాలాసార్లు అంతకంటే ముందే చచ్చిపోతుంది. మిడ్‌సోల్ పక్కన అడ్డంగా ముడతలు పడి, వేలితో నొక్కితే గట్టిగా తగులుతుంటే దాని పని అయిపోయింది. వంకర గీతలు చెరిగి కింద వేరే రంగు పొర కనిపిస్తే గ్రిప్ కూడా పోయినట్టే, ఇక దాన్ని మార్కెట్‌కి వెళ్ళడానికి వాడుకోండి. అంతదాకా బండి డిక్కీలోనో కారు వెనకో ఎండలో వదలొద్దు, ఆ వేడికి జిగురు వదిలి సోల్ ఊడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు కదా, తడిస్తే ఇన్‌సోల్, లేసులు తీసి, లోపల పాత పేపర్ కుక్కి నీడలో ఫ్యాను కింద పెట్టండి, పేపర్ తడిసినప్పుడల్లా మార్చండి, పూర్తిగా ఆరేదాకా ఆ జతతో ఆడొద్దు.