పసిబిడ్డ చిక్కిపోకముందే గుర్తుపట్టడం ఎలా

ముందు పుట్టినప్పటి బరువు అడగండి. రెండున్నర కిలోల లోపు పుట్టిన బిడ్డనూ, రెండేళ్లు నిండకముందే తమ్ముడో చెల్లెలో పుట్టి తల్లిపాలు ఆగిపోయిన బిడ్డనూ ప్రతి నెలా తూకం వేయాల్సిందే. కనిగిరి వైపు నుంచి పనులకు వలసపోయే ఇళ్లలో ఆ తూకమే తప్పిపోతుంది. బిడ్డ బరువు రాసే కార్డు వెంట తీసుకెళ్లి, చేరిన ఊళ్లో అంగన్‌వాడీలో చూపించాలి.

ఆరు నెలలు నిండితే జబ్బ కొలవండి. ఎడమ మోచెయ్యి మడిచి, భుజం కొనకూ మోచేతి కొనకూ సరిగ్గా మధ్యన గుర్తు పెట్టి, చెయ్యి కిందికి వదిలేశాక టేపు చుట్టాలి. బిగిస్తే తక్కువ చూపిస్తుంది, వదులైతే ఎక్కువ. ఐదేళ్ల లోపు బిడ్డకు 12.5 సెం.మీ. కన్నా తక్కువుంటే జాగ్రత్త పడాలి, 11.5 కన్నా తక్కువైతే ఆ రోజే ఆసుపత్రికి. రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కండి. గుంట అలాగే నిలిస్తే అది ఒంటికి నీరు పట్టిన వాపు; బొద్దుగా ఉన్నాడని మురిసిపోతే మోసపోయినట్టే.

తిండిలో జరిగే పొరపాటు చాలావరకు పలచదనమే. గ్లాసుతో తాగించే జావ, పప్పుకట్టు పొట్ట నింపుతాయి గానీ ఒంటికి పట్టవు. స్పూను వంచినా జారిపోనంత చిక్కగా పప్పన్నం మెదిపి, చెంచాడు నెయ్యో నూనో కలపండి. విరేచనాలప్పుడు పాలూ తిండీ ఆపకూడదు. ఓఆర్ఎస్‌తో పాటు జింకు 14 రోజులూ వేయాలి, మధ్యలో విరేచనాలు కట్టినా సరే.