సముద్రాలు దాటిన వాల్‌పోస్టర్‌ను కొనే ముందు

అమెరికాలో అచ్చయి, ఇంకో దేశంలో గోడకెక్కి, ఇప్పుడు ఒక వేలం జాబితాలో కనిపిస్తున్న పాత సినిమా పోస్టర్‌ మీద మీకు మనసు పడిందనుకుందాం. డబ్బు పంపే ముందు మూడు ప్రశ్నలు విడివిడిగా వేసుకోండి. ఈ కాగితం ఏ దేశంలో అచ్చయింది? ఏ విడుదల కోసం అచ్చయింది? ఏ దేశంలో వాడారు? అమ్మేవారు చాలాసార్లు ఈ మూడింటినీ ‘ఒరిజినల్’ అనే ఒక్క మాటలో చుట్టేస్తారు. ఆ మాటను విప్పి చూడనివాళ్లే ఎక్కువగా నష్టపోతారు.

నా నష్టం వేరే రకంది. నా దగ్గర 1950ల నాటి అమెరికన్ పోస్టర్‌ ఒకటి ఉండేది. ఇంగ్లీషు పేరు మీద స్పానిష్ పేరున్న చీటీ అతికించి ఉండేది. ఫ్రేము కట్టడానికి ఇస్తే, ఆ చీటీని ఎవరో అంటించిన చెత్త అనుకుని తడిపి ఊడదీశారు. దాంతోపాటు కింది రంగు కూడా లేచిపోయింది. ఆ పోస్టర్‌ లాటిన్ అమెరికా దాకా వెళ్లి వచ్చిందనడానికి ఉన్న ఒకే ఒక్క ఆధారం అలా పోయింది. అందుకే మొదటి జాగ్రత్తగా ఇదే చెబుతాను: అతికించిన చీటీ, పన్ను స్టాంపు, సెన్సారు ముద్ర, థియేటరు పేరు, చేత్తో రాసిన తేదీ, వీటిలో దేనినీ ముట్టుకోకండి, ఎవరినీ ముట్టుకోనివ్వకండి. ఇటలీలో, బెల్జియంలో బయట అంటించే పోస్టర్‌కు పన్ను కట్టి స్టాంపు వేయించుకునేవారు. అది ఆ కాగితం నిజంగా గోడకెక్కిందని చెప్పే గుర్తు.

తరువాత టేపు తీసి కొలవండి. అమెరికన్ ‘వన్ షీట్’, అంటే అక్కడి మామూలు సైజు పోస్టర్‌, 1980ల మధ్య దాకా సుమారు 27×41 అంగుళాలు, ఆ తరువాత 27×40. బ్రిటిష్ ‘క్వాడ్’ అడ్డంగా 40, నిలువుగా 30. బెల్జియం పోస్టర్‌ చిన్నది, దాదాపు 14×22. దాని మీద తరచుగా సినిమా పేరు ఫ్రెంచిలోనూ డచ్చిలోనూ ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధం తరువాతి ఆస్ట్రేలియా ‘డేబిల్’ 13×30 దగ్గర, జపాన్ ‘బి2’ 20×29 దగ్గర ఉంటాయి. 1955 నాటిదని చెప్పిన అమెరికన్ పోస్టర్‌ సరిగ్గా 24×36 వస్తే అది దుకాణంలో అలంకారానికి అమ్మే ఈనాటి నకలే కావచ్చు. పావు అంగుళం, అర అంగుళం తేడాకు మాత్రం కంగారు పడకండి. పాత కాగితాల అంచులు కత్తిరించి ఉండవచ్చు.

కింది అంచు చదవడం అలవాటు చేసుకోండి. నాకు బొమ్మకన్నా ఆ అంచే ఇష్టం, ఎందుకంటే కథంతా అక్కడే ఉంటుంది. అమెరికాలో 1940 నుంచి దశాబ్దాల పాటు పోస్టర్ల పంపిణీ ఎక్కువగా నేషనల్ స్క్రీన్ సర్వీస్ అనే సంస్థ చేతిలో ఉండేది. కుడి మూల ‘54/’ అని మొదలయ్యే సంఖ్య ఉంటే అది 1954 ప్రచారానికి అచ్చయినది. ముందు ‘ఆర్’ అక్షరం ఉంటే పునర్విడుదల. విదేశాలకు పంపే ప్రతులను స్టూడియోల విదేశీ విభాగాలే చూసుకునేవి కాబట్టి వాటి మీద ఈ సంఖ్య తరచుగా ఉండదు. అది లేనంత మాత్రాన నకిలీ అనకండి. అమెరికాలో సినిమాను ఏ వయసువాళ్లు చూడవచ్చో చెప్పే జి, ఆర్ వంటి రేటింగులు 1968 నవంబరులో మొదలయ్యాయి. 1950ల సినిమా పోస్టర్‌ మీద రేటింగు పెట్టె అచ్చయి ఉంటే అది తరువాతి విడుదలదే. అచ్చుయంత్రశాల చిరునామాలో జిప్ కోడ్ (మన పిన్‌కోడ్ లాంటిది) కనిపిస్తే అది 1963కు ముందుది కాదు.

విదేశీ పోస్టర్ల తేదీల విషయంలో అతి తెలివికి పోయి మంచి వస్తువును వదులుకునేవాళ్లు కూడా ఉన్నారు. యుద్ధకాలంలో అమెరికన్ సినిమాలు ఐరోపాలో చాలాచోట్ల ఆగిపోయాయి, యుద్ధం ముగిశాక వరుసకట్టి వచ్చాయి. ‘కాసబ్లాంకా’ అమెరికాలో 1942లో వచ్చింది. ఇటలీకి 1946లో, ఫ్రాన్స్‌కు 1947లో చేరింది. కాబట్టి 1946 నాటి ఇటాలియన్ పోస్టర్‌ ఆ దేశానికి మొదటి విడుదల పోస్టరే. ఒక సినిమాకు ఒక్కో దేశంలో ఒక్కో పుట్టినరోజు ఉంటుంది. కొనబోయే పోస్టర్‌ ఏ దేశందో ఆ దేశంలో ఆ సినిమా ఎప్పుడు విడుదలయిందో ముందు తెలుసుకుని, ఆ తరువాతే అంచు మీది సంవత్సరంతో పోల్చండి.

మన వాళ్లకు ఎక్కువగా తగిలేది ‘ఆవారా’ సోవియట్ పోస్టర్‌. ఆ సినిమా మన దగ్గర 1951లో, సోవియట్ యూనియన్‌లో 1954లో విడుదలయింది. అక్కడ దాని పేరు ‘బ్రొద్యాగ’, అంటే దేశదిమ్మరి. అక్కడి పోస్టర్లు ఆ దేశపు చిత్రకారులు వేసినవి. సోవియట్ పోస్టర్‌ కింది అంచున చిన్న రష్యన్ అక్షరాల్లో చిత్రకారుడి పేరు, ఎన్ని ప్రతులు వేశారు, ధర ఎంత వంటి వివరాలు అచ్చయి ఉండటం ఆనవాయితీ. అమ్మే వ్యక్తి పంపిన ఫొటోలో సరిగ్గా ఆ అంచే కనిపించకపోతే దగ్గరగా తీసిన ఇంకో ఫొటో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి.

కాగితాన్ని పరీక్షించడానికి పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. రాతి లిథోలో, అంటే రాతి పలక మీద గీసి అచ్చువేసే పాత పద్ధతిలో, రంగు కణికలుగా, మైనపు కడ్డీతో గీసినట్లు కనిపిస్తుంది. తరువాత వచ్చిన ఆఫ్‌సెట్ యంత్రపు అచ్చులో చుక్కలు వరుసగా, పూల రేకుల్లా అమరి ఉంటాయి. ఈనాటి ఇంక్‌జెట్ ముద్రణలో చుక్కలు పద్ధతి లేకుండా చల్లినట్లుంటాయి. మడతలను కళ్లతో కాదు, వేలితో చూడండి. 1980ల దాకా అమెరికన్ వన్ షీట్లను మడిచే థియేటర్లకు పంపేవారు. పాత ప్రతిని స్కాన్ చేసి వేసిన నకలులో మడత గీత కనబడుతుంది కానీ వేలికి తగలదు. అతినీల కాంతి టార్చి ఉంటే చీకట్లో ఒకసారి వెలిగించండి: కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు 1950ల నుంచే విరివిగా వాడుకలోకి వచ్చాయి. 1930ల కాగితం నీలితెలుపుగా భగ్గుమంటే అనుమానించాల్సిందే. పాత కాగితం దొరకబుచ్చుకుని దాని మీదే నకలు అచ్చువేసేవాళ్లూ ఉన్నారు. 2009లో 1930ల భయానక చిత్రాల లాబీ కార్డులు (థియేటరు లోపల పెట్టే చిన్న ప్రచార అట్టలు), పోస్టర్లకు నకిలీలు బయటపడి అమెరికాలో సేకరించేవాళ్లను కుదిపేశాయి. పెద్ద మొత్తం పెట్టేటప్పుడు ఏ ఒక్క పరీక్ష మీదా ఆధారపడకండి.

ఘానాలో పిండి సంచుల గుడ్డ మీద చేత్తో వేసిన పోస్టర్ల గురించి ఒక మాట. 1980, 90లలో ఊరూరా తిరిగే వీడియో ప్రదర్శనల కోసం వాటిని వేశారు. బయటి దేశాల్లో గిరాకీ పెరిగాక, అమ్మకం కోసమే కొత్తగా వేసినవి చాలా వచ్చాయి. అవి కూడా బొమ్మలుగా అందమైనవే, కొనుక్కోవచ్చు. ప్రదర్శనలో వాడినదన్న ధర మాత్రం వాటికి ఇవ్వకండి.

ఇక విలువ. సాధారణంగా సినిమా పుట్టిన దేశపు మొదటి విడుదల పోస్టర్‌కే ఎక్కువ ధర పలుకుతుంది, విదేశీ భాష చీటీ ఉన్నదానికి తగ్గుతుంది. చిత్రకారుడు గొప్పవాడైతే ఆ లెక్క తిరగబడుతుంది. లుయీజీ మార్టినాటి వేసిన ‘కాసబ్లాంకా’ ఇటాలియన్ పోస్టర్‌ 2017లో వేలంలో 4,78,000 డాలర్లకు వెళ్లింది. పోలండ్ చిత్రకారుల పోస్టర్లను సినిమాతో సంబంధం లేకుండా బొమ్మ కోసమే వెతికి కొనేవాళ్లున్నారు. అమ్మేవాళ్లు అడుగుతున్న ధర చూసి అంచనా వేయకండి. వేలం సంస్థల పాత రికార్డుల్లో నిజంగా అమ్ముడుపోయిన ధర చూడండి. అదే దేశం, అదే కొలత, అదే విడుదల, దాదాపు అదే స్థితి, ఈ నాలుగూ కలిసిన అమ్మకాలు రెండు మూడు దొరికితేనే పోలికకు పనికివస్తాయి. వెనక గుడ్డ వేసి బాగుచేసిన పోస్టర్‌ అయితే ఏ భాగానికి కొత్తగా రంగు వేశారో, బాగుచేయక ముందు ఎలా ఉండేదో ఫొటోలు అడగండి. బాగుచేయడం తప్పు కాదు, దాచడమే తప్పు.

కొన్నాక మన వానాకాలం ఒకటుంది. తేమ, చెదలు, వెండిపురుగులు మూడూ కాగితానికి శత్రువులే. దయచేసి లామినేషన్ చేయించకండి. ఆ వేడి, ఆ జిగురు పోస్టర్‌ను ఇక ఎన్నటికీ విడిచిపెట్టవు. సెల్లోటేపు, ఫెవికాల్ దగ్గరికి రానివ్వకండి. చిరిగితే అలాగే ఉంచి, ఆమ్లం లేని కాగితాల మధ్య పరచి, గోడకు ఆనని బీరువాలో పెట్టండి. ఫ్రేము కట్టిస్తే కాగితం అద్దానికి తగలకుండా మధ్యలో ఖాళీ ఉంచమనండి, ఎండ పడని గోడ ఎంచుకోండి. మీరు కొన్న రోజున అమ్మిన వ్యక్తి రాసిన వివరాలు, రశీదు, అంచు ఫొటోలు, వెనకవైపు ఫొటోలు ఒక కవరులో పెట్టి పోస్టర్‌తోపాటే దాచండి. కవరు మీద పెన్సిలుతో రాయండి, పోస్టర్‌ వెనక మాత్రం ఏమీ రాయకండి.