బాయి దీపాన్ని తోమకుండా కాపాడుకోవడం

కొత్తగూడెం, ఇల్లందు వైపు బొగ్గు బాయిలో ఏళ్లకేళ్లు చేసి రిటైరైన ఇంజినీర్ల, సర్దార్ల (బాయిలో పని, భద్రత చూసేవాళ్ల) ఇళ్లలో గ్యాసు ఉందో లేదో చూసే పాత దీపం ఉంటుంది. దాన్ని తుప్పు కంటే ముందు పాడుచేసేది చింతపండు. పులుపు మరల (స్క్రూల) సందుల్లో ఉండిపోయి ఇత్తడిలోని జింకును తినేస్తుంది, గులాబీ రంగు మచ్చలు తేలతాయి. ఇటుకపొడితో తోమితే కంపెనీ పేరు, దీపం నంబరు అరిగిపోతాయి. అమ్మోనియా వాసన వచ్చే పాలిష్ మరీ ప్రమాదం: వంచి బిగించిన చోట ఇత్తడి నెర్రెలిస్తుంది.

ముట్టుకునే ముందు నాలుగు వైపులా, అడుగునా ఫోటోలు తీయండి. నంబరు, ఏ బాయి, ఏ ఇంక్లైను (బాయిలోకి దిగే వాలు దారి), ఎవరు వాడారు, ఏ ఏళ్లలో అన్నీ కాగితం చీటీ మీద పెన్సిల్‌తో రాసి దారంతో కట్టండి. దీపం మీద ఏదీ చెక్కొద్దు.

పొయ్యికి దూరంగా, ఆరుబయట విప్పండి. సీసం బిళ్ళతో తాళం వేసి ఉంటే అలాగే వదిలేయండి, అదీ చరిత్రే. అయస్కాంతం తాళమైతే ల్యాంప్ రూములో వాడే బలమైన అయస్కాంతానికి తప్ప రాదు, డ్రిల్లు పెట్టకండి. అడుగు డబ్బా విడివడితే మిగిలిన నూనె వంచేయండి. లోపలి దూదిని నీడన ఆరబెట్టి విడిగా దాచండి. కొన్ని పాత దీపాల్లో డబ్బా గుండా వత్తిని సవరించే సన్నని తీగ ఉంటుంది. మంట తగ్గించి, గ్యాసు ఉంటే దాని మీద లేచే నీలి టోపీ కోసం చూసేది ఈ తీగతోనే. వంగి ఉంటే వంగినట్టే ఉంచండి. నిటారు చేయబోతే వంపు దగ్గరే విరుగుతుంది.

గ్లాసుకు పైనా కిందా తెల్లటి పీచు వాషర్లు కనిపిస్తే ఆస్బెస్టాస్ (ఊపిరితిత్తులకు హానిచేసే పీచు) అనుకోండి. గీకొద్దు, ఊదొద్దు, గ్లాసు విప్పనే వద్దు. పీచు రాలుతుంటే నీళ్లు చిలకరించి దీపం మొత్తాన్ని మందపాటి కవర్లో కట్టి, తెలిసినవాళ్లకు చూపించండి.

దీపానికి అసలు ప్రాణం జాలీ, అంటే సన్నని తీగల వల. 1815లో ఇంగ్లండు శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ కనిపెట్టిన కిటుకు ఇదే: తీగలు వేడి లాగేసుకుంటాయి, మంట బయటి మీథేన్‌కు (బాయి గ్యాసుకు) అంటుకోదు. అంగుళానికి 28 తీగలు, అంటే చదరపు అంగుళానికి 784 కన్నాలు. చాలా దీపాల్లో రెండు జాలీలు ఒకదాంట్లో ఒకటి ఉంటాయి. ఇనుప బ్రష్ తగిలితే తీగలు జరిగి కన్నాలు పెద్దవవుతాయి. ఒక రోజు కిరోసిన్‌లో నానబెట్టి, మెత్తటి టూత్‌బ్రష్‌తో నిలువునా మాత్రమే తుడవండి. ఆరాక కుట్టుమిషన్ నూనె గుడ్డకు అద్ది పలుచగా తాకించండి. తీగ తెగితే టంకం వేయొద్దు.

ఇత్తడికి గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల సబ్బు, నూలు గుడ్డ చాలు. నల్లబారిన రంగు పోనక్కర్లేదు. పూర్తిగా ఆరాక మైక్రోక్రిస్టలైన్ మైనం పలుచగా రాయండి. ప్లాస్టిక్‌లో గట్టిగా చుడితే వానాకాలంలో లోపల చెమ్మ పడుతుంది. మూత ఉన్న పెట్టెలో పాత నూలుగుడ్డ పరిచి, 100 గ్రాముల సిలికా జెల్ వేయండి. గింజలు రంగు మారినప్పుడల్లా మార్చండి.

చుట్టాలొచ్చి వెలిగించమంటారు. వెలిగించకండి.