పాత డీజిల్ ఫ్యామిలీ బండి కొనడం – 3వ పాఠం: చల్లటి ఇంజన్ దగ్గర మొదటి పది నిమిషాలు

మొదటి పాఠంలో మనకు ఏ బండి సరిపోతుందో తేల్చుకున్నాం. వెనక డిక్కీ పొడుగ్గా ఉండే ఎస్టేట్ కార్లు మన దగ్గర పెద్దగా నిలబడలేదు. ఇండిగో మెరీనా, ఆక్టేవియా కాంబీ వచ్చాయి, వెళ్ళిపోయాయి. ఇంటిల్లిపాదీ సామానుతో సహా ఎక్కాలంటే ఇన్నోవా, ఎర్టిగా లాంటివే దిక్కు కాబట్టి వాటిమీదే ఆగాం. రెండో పాఠంలో ఆర్సీ, ఫైనాన్స్ బాకీ, ఇన్సూరెన్స్, ఢిల్లీ నుంచి ఎన్‌ఓసీ మీద వచ్చే పదేళ్ళ బండ్ల సంగతి చూశాం. ఈ పాఠం మొత్తం ఇంజన్ గురించే.

డీజిల్ ఇంజన్ తన జబ్బును చల్లగా ఉన్నప్పుడే బయటపెడుతుంది. వేడెక్కాక అరిగిన పిస్టన్ రింగులూ కాస్త సర్దుకుంటాయి, సిలిండర్లోకి డీజిల్‌ను సరిగ్గా స్ప్రే చేయని నాజిల్ కూడా పనికానిచ్చేస్తుంది. పొగ తగ్గిపోతుంది, మోత మెత్తబడుతుంది. అమ్మే మనిషికి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. అందుకే మీరు వెళ్ళేసరికి బండి స్టార్ట్ చేసి, కడిగి, ఏసీ వేసి రెడీగా పెడతారు. కాబట్టి ముందురోజే ఫోన్ చేసి గట్టిగా చెప్పండి: "పొద్దున్నే వస్తాను, నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి." సరేనన్నవాళ్ళ దగ్గరికే వెళ్ళండి. వెళ్ళగానే బానెట్ ఎత్తించి రేడియేటర్ పై గొట్టం చేత్తో పట్టుకోండి. గోరువెచ్చగా ఉందంటే బండిని ఆ పొద్దున్నే తిప్పారన్నమాట. పాత బండ్లు అమ్మే కన్సల్టెన్సీ వాళ్ళు "ఇప్పుడే పక్కకు జరిపాం సార్" అంటారు. అది నిజమే కావచ్చు. అయినా ఆ రోజు చూడటం ఆపేసి మర్నాడు మళ్ళీ వెళ్ళండి. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి.

స్టార్ట్ చేయకముందే రెండు చోట్ల చూడాలి. ఒకటి కూలెంట్. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీయాలి. వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. లోపల రంగు కూలెంట్ కనపడాలి. టొయోటా వాళ్ళది గులాబీ రంగులో ఉంటుంది. తుప్పు రంగు నీళ్ళుంటే మామూలు నీళ్ళు పోసి నడిపారని అర్థం. అలాంటి బండిలో రేడియేటర్, వాటర్ పంపు, సిలిండర్ల పైన మూతలా ఉండే హెడ్ మూడింటినీ అనుమానించాలి. పైన నూనె తెట్టు తేలుతుంటే హెడ్ కింద ఉండే గాస్కెట్ పోయి ఉండవచ్చు, ఆయిల్ కూలర్ లీకై ఉండవచ్చు. ఏదైనా సరే, ఆ బండి వదిలేయండి.

రెండోది ఇంజన్ ఆయిల్. ఆయిల్ మట్టం చూసే గేజ్ పుల్ల తీసి తెల్లటి గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూడండి. ఆయిల్ నల్లగా ఉంటే భయపడక్కర్లేదు. డీజిల్‌లో కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే మసితో నల్లబడుతుంది. మట్టం చూడండి. కింద గీతకంటే తక్కువుంటే ఆయిల్ తాగుతోందేమో అనుకోవాలి. పై గీతకంటే ఎక్కువుండి, పల్చగా, డీజిల్ వాసన కొడుతుంటే డీజిల్ కింద ఆయిల్‌లోకి దిగుతోందని అర్థం. ఆయిల్ పోసే ఫిల్లర్ మూత లోపలివైపు మజ్జిగ రంగు నురగ కనిపిస్తే నీళ్ళు కలిశాయేమో చూడాలి. రోజూ పక్క వీధికే తిరిగే బండిలో చెమ్మ వల్ల మూత దగ్గర కొద్దిగా పట్టొచ్చు. గేజ్ మీద కూడా అదే రంగుంటే మాత్రం ఇంక మాట్లాడేది లేదు.

ఇంజన్ తళతళా మెరుస్తుంటే సంతోషపడకండి. ప్రెషర్ వాష్ చేసిన ఇంజన్‌లో లీకులు కనపడవు. కొద్దిగా దుమ్ము పట్టిన ఇంజన్‌లో ఎక్కడ ఆయిల్ చెమరుస్తోందో అక్కడ దుమ్ము నల్లగా అట్టకట్టి ఉంటుంది. నాకైతే దుమ్మున్న ఇంజనే నచ్చుతుంది. కడిగేసి ఉంటే టెస్ట్ డ్రైవ్ తర్వాత టార్చి వేసి మళ్ళీ చూడాలి.

ఇప్పుడు స్టార్ట్ చేయిద్దాం. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డులో స్ప్రింగు గుర్తున్న హీటర్ లైటు (సిలిండర్లను ముందే వేడిచేసే హీటర్ ప్లగ్గులది) వెలిగి ఆరుతుంది. ఆరాకే సెల్ఫ్ కొట్టమనండి. మీరు లోపల కూర్చోకుండా సైలెన్సర్ వెనక పక్కగా నిలబడండి. మన ఎండలకు మంచి డీజిల్ ఒక్క సెల్ఫ్‌కే, ఒకటి రెండు సెకన్లలో అందుకోవాలి. డిసెంబర్ పొద్దుల్లో ఇంకొంచెం పట్టినా తప్పు లేదు. పదే పదే కొట్టాల్సి వస్తే బ్యాటరీ నుంచి కంప్రెషన్ (సిలిండర్లో గాలిని నొక్కే బలం) దాకా ఏదైనా కారణం కావచ్చు.

పొగ మీద కాస్త ఓపిక పెట్టండి. అన్నిటికంటే ఎక్కువ చెప్పేది అదే. స్టార్ట్ కాగానే తెల్లగా ఓ పొర వచ్చి వెంటనే పోతే మామూలే. తెల్ల పొగ నిమిషం దాటినా ఆగకుండా, కళ్ళు మండేలా పచ్చి డీజిల్ వాసనతో వస్తుంటే సిలిండర్లో డీజిల్ కాలడం లేదు. హీటర్ ప్లగ్గులు పోతే చవకలో అయిపోతుంది, నాజిళ్ళు అయితే ఖర్చు, కంప్రెషన్ పడిపోతే ఇంజన్ పనే. అదే తెల్ల పొగ తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ కాలుతోంది. నీలం రంగు పొగ అంటే ఆయిల్ కాలుతోంది, రింగుల నుంచో, ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో నుంచో. ఇక నల్ల పొగ గట్టిగా రేజ్ చేసినప్పుడు ఒక్క దమ్ము వచ్చి ఆగితే బీఎస్4 కాలుష్య ప్రమాణం దాకా వచ్చిన పాత బండ్లలో పెద్ద విషయం కాదు. ఆగకుండా వస్తే ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టాల లీకు, ఈజీఆర్ (పొగలో కొంత మళ్ళీ ఇంజన్‌లోకి పంపే వాల్వు), నాజిల్, ఈ వరుసలో చూపించాలి.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిల్ కొంటుంటే ఒక సులువైన పరీక్ష ఉంది. సైలెన్సర్ చివర లోపల వేలితో రుద్దండి. ఆ బండ్లలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది కాబట్టి వేలికి నల్లగా అంటకూడదు. చిక్కటి మసి అంటిందంటే ఆ ఫిల్టర్ పగిలి ఉండాలి, లేదా ఎవరో తీసేసి ఉండాలి. కొత్త డీపీఎఫ్ ధర కనుక్కున్నాకే బేరానికి కూర్చోండి. మారుతి అదే నెల నుంచి డీజిల్ మానేసింది కాబట్టి డీజిల్ ఎర్టిగా చూస్తున్నవాళ్ళకు ఈ పరీక్షతో పని లేదు.

ఇంజన్ స్లోలో తిరుగుతుండగా రేడియేటర్ పై గొట్టం మళ్ళీ నొక్కి చూడండి. ఇంకా వేడెక్కకముందే రాయిలా బిగిసిపోతే సిలిండర్ గాలి కూలెంట్‌లోకి వెళ్తోందని అనుమానం. ఆ తర్వాత బ్యాక్ కంప్రెషన్, అంటే రింగులు దాటి ఇంజన్ కిందికి జారే గాలి, చూడాలి. విజయవాడ ఆటోనగర్‌లో పాత మెకానిక్‌లు దీన్ని ఎలా చూస్తారో దగ్గరుండి గమనించండి, అదే పాఠం. ఆయిల్ పోసే మూత తిప్పి ఊడదీసి, బోర్లించి అక్కడే వదులుగా పెడతారు. కొన్ని సెకన్లు దాన్నే చూస్తారు. మూత సన్నగా వణికితే వదిలేస్తారు, ఏ డీజిల్‌లోనైనా అంత ఉంటుంది. మూత ఎగిరెగిరి పడి, రంధ్రంలోంచి ఇంజన్ దమ్ముకొక్కటి చొప్పున పొగ తన్నుకొస్తే తల అడ్డంగా ఊపుతారు. తర్వాత అరచేతిని రంధ్రానికి జానెడు పైన పెట్టి కాస్త రేజ్ చేయిస్తారు. చేతికి ఆయిల్ చుక్కలు చుక్కలుగా అంటితే రింగుల పని వచ్చిందని తేల్చేస్తారు. పాత 2.5 లీటర్ల ఇన్నోవాలో మాత్రం ఇంకో కారణం ఉండొచ్చు. నాజిళ్ళ కింద ఉండే రాగి వాషర్లు లీకైనా ఇలాగే పొగ వస్తుంది. కాబట్టి వెంటనే సిలిండర్ బోరు, రింగుల పని అనకుండా వాటిని కూడా చూడమని అడగండి. చూడకుండా కొంటే మాత్రం ఖరీదైన కారణమే ఉందనుకుని బేరం చేయాలి.

టర్బో దగ్గర రబ్బరు గొట్టాల కీళ్ళు పట్టి చూడండి. సన్నటి ఆయిల్ పొర మామూలే, కారుతుంటే కాదు. రేజ్ చేసినప్పుడు సన్నటి ఈల వినపడొచ్చు. అంబులెన్స్ సైరన్‌లా పైకి లేస్తే షాఫ్ట్ ఊగుతోందేమో మెకానిక్ చేత చూపించండి.

2005 నుంచి 2016 దాకా వచ్చిన 2.5 డీజిల్ ఇన్నోవాకు వాల్వులను సమయానికి తెరిపించే టైమింగ్ బెల్టు ఉంటుంది. దాని తర్వాత వచ్చిన ఇన్నోవా క్రిస్టా 2.4కి, ఎర్టిగా 1.3కి బెల్టు బదులు చైన్. బెల్టు నడిరోడ్డు మీద తెగితే వాల్వుల దగ్గర పెద్ద నష్టం జరుగుతుంది. లక్షన్నర కిలోమీటర్లు దాటిన ఇన్నోవాలో అది ఒక్కసారైనా మారి ఉండాలి. "మార్పించాం" అనే మాట చాలదు, బిల్లు చూపించమనండి. బిల్లు లేకపోతే మారలేదనే లెక్కేసుకుని, బెల్టు, టెన్షనర్ ఖర్చు ధరలోంచి తీసేయండి.

చివరిది వేడి స్టార్ట్. అరగంట తిప్పాక ఇంజన్ ఆపి, టీ తాగి వచ్చి మళ్ళీ స్టార్ట్ చేయించండి. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకున్న బండి ఇప్పుడు సాగదీస్తుంటే నాజిళ్ళ దగ్గర డీజిల్ ఎక్కువగా వెనక్కి పోతూ ఉండొచ్చు, పంపు బలహీనపడి ఉండొచ్చు. ఇంజన్ డీజిల్ పంపులు బాగుచేసే షాపుల్లో నాజిల్‌కో సీసా తగిలించి ఎంత డీజిల్ వెనక్కి వస్తోందో చూస్తారు. ఒక సీసా మిగతావాటికంటే త్వరగా నిండితే ఆ నాజిల్ పని అయిపోవచ్చినట్టే. అదే సమయంలో ఇంజన్ కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే స్కానర్ కూడా పెట్టించండి. డ్యాష్‌బోర్డులో ఇంజన్ లైటు వెలగకపోయినా పాత కోడ్‌లు ఉండొచ్చు. ఒక్క కోడ్ కూడా లేకుండా అన్నీ ఆ పొద్దున్నే చెరిపేసినట్టు కనిపిస్తే ఎందుకు చెరిపారో అడగండి.

ఈ పాఠానికి అభ్యాసం: కొనబోయే బండి జోలికి వెళ్ళకముందు, తెలిసినవాళ్ళ దగ్గర బాగా నడుస్తున్న డీజిల్ బండి ఒకటి, బాగా తిరిగిన టాక్సీ ఒకటి పొద్దున్నే అడిగి చూడండి. రెండింటినీ చల్లగా స్టార్ట్ చేయించి పొగ, ఆయిల్ మూత వణుకు, మోత ఫోన్‌లో వీడియో తీసుకోండి. రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. వచ్చే పాఠంలో టెస్ట్ డ్రైవ్: క్లచ్, గేర్లు, ఛాసిస్, కింద తుప్పు. దానికి టార్చి, పాత చాప సిద్ధంగా పెట్టుకోండి. బండి కిందికి దూరాల్సి ఉంటుంది.