పాత మారుతి 800 సిగ్నల్ దగ్గర వణికి ఆగిపోతుంటే ఎలా సరిచేసుకోవాలి?

యాక్సిలరేటర్ మీద కాలు ఉన్నంతసేపూ బండి బాగానే పోతుంది. కాలు తీయగానే స్టీరింగ్ వణుకుతుంది, ఇంజన్ రెండు మూడుసార్లు ఎగిరిపడి ఆగిపోతుంది. కార్బొరేటర్ (గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజన్‌కు పంపే భాగం) ఉన్న మారుతి 800ను ఇప్పటికీ నడుపుతున్నవారికి ఈ బాధ కొత్త కాదు. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరి దాకా తయారైన బండి ఇది. 2000 ప్రాంతంలో ఎంపీఎఫ్‌ఐ, అంటే పెట్రోలును ఇంజెక్టర్లతో చిమ్మే పద్ధతి, వచ్చేదాకా అమ్మినవన్నీ కార్బొరేటర్ బండ్లే. ఈ వ్యాసం వాటి గురించే. కార్బొరేటర్ ఉన్న మారుతి ఓమ్నీ వ్యానుకు కూడా ఇవే పద్ధతులు చాలావరకు పనికొస్తాయి.

ముందుగా ఒక మాట. స్క్రూడ్రైవర్ పట్టుకుని నేరుగా ఐడ్లింగ్ స్క్రూ మీదికి వెళ్లకండి. యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఇంజన్ తిరగడమే ఐడ్లింగ్, ఆ స్పీడును మార్చేది ఈ స్క్రూ. మా నాన్నగారి 1996 బండికి ఒక షెడ్డులో అదే చేశారు. స్క్రూ బిగించి స్పీడు పెంచారు, వణుకు కనబడకుండా పోయింది, డబ్బు తీసుకుని పంపించారు. పది రోజులకు రైల్వే గేటు ఎత్తగానే, వెనక లారీలు హారన్లు కొడుతుండగా బండి పట్టాలకు నాలుగు గజాల దూరంలో ఆగిపోయింది. అసలు లోపం చిటికెన వేలంత రబ్బరు గొట్టంలో ఉంది. స్క్రూ తిప్పితే లోపం పోదు, దాక్కుంటుంది. అందుకే ఈ పనిలో స్క్రూల వంతు చివరిది.

పని మొదలుపెట్టే ముందు

బండిని ఆరుబయట పెట్టండి. మూసిన షెడ్డులో ఇంజన్ నడిపితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాల కింద రాళ్లు పెట్టండి. రేడియేటర్ ఫ్యాను కరెంటుతో తిరుగుతుంది, ఇంజన్ వేడెక్కితే దానంతటదే మొదలవుతుంది. చున్నీ, పంచె, వదులు చేతులు దాని దగ్గరకు రాకూడదు. పెట్రోలు వాసన గట్టిగా వస్తుంటే అది ఎక్కడ కారుతోందో చూసి ఆపేదాకా స్టార్ట్ చేయకండి.

ఎప్పుడు ఆగుతోందో రాసుకోండి

రెండు రోజులు నడిపి గమనిస్తే సగం పని అయిపోతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మాత్రమే ఆగితే చోక్ (చల్లని ఇంజన్‌కు గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మూత) కేబుల్ సరిగా లాగడం లేదని అనుమానించాలి. వాన పడినప్పుడు ఆగితే ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే భాగం) క్యాప్ తేమ పట్టినట్టు. బ్రేకు బూస్టర్ (ఇంజన్ పీల్పుతో బ్రేకుకు బలం కలిపే డబ్బా) ఉన్న బండిలో బ్రేకు తొక్కగానే వణుకు పెరిగితే బూస్టర్ గొట్టమో, లోపలి పొరో గాలి పీలుస్తోంది. బ్రేకు విషయం కనుక దీన్ని వాయిదా వేయకండి. పావుగంట నడిచాక ఆగి, కాసేపటికి మళ్లీ స్టార్ట్ అయితే పెట్రోలు ట్యాంకు మూత తీసి చూడండి. బుస్సుమని గాలి లోపలికి పోతే మూతలోని గాలి రంధ్రం పూడిపోయింది. మే నెల ఎండలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు మాత్రమే ఆగుతుంటే పెట్రోలు పైపులోనే ఆవిరవుతూ ఉండవచ్చు.

చోక్‌తో ఒక చిన్న పరీక్ష

దీనికి పనిముట్టేమీ అక్కర్లేదు, అయినా నాకు అన్నిటికంటే ఎక్కువ నమ్మకం దీని మీదే. ఇంజన్ బాగా వేడెక్కాక, ఐడ్లింగ్‌లో వణుకుతున్నప్పుడు, డ్యాష్‌బోర్డు మీది చోక్ నాబ్‌ను అర అంగుళం లాగండి. ఇంజన్ కుదుటపడితే దానికి పెట్రోలు చాలడం లేదు. అంటే ఎక్కడో గాలి లీకవుతోంది, లేదా కార్బొరేటర్‌లో ఐడ్లింగ్ జెట్ (ఐడ్లింగ్‌కు పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) పూడిపోయింది. ఇంకా ఉక్కిరిబిక్కిరై నల్లపొగ వదిలితే పెట్రోలు ఇప్పటికే ఎక్కువవుతోంది. ఎయిర్ ఫిల్టరు మురికి పట్టిందా, చోక్ పూర్తిగా తెరుచుకుంటోందా, కార్బొరేటర్‌లోకి పెట్రోలు రాకను ఆపే ఫ్లోట్ నీడిల్ కారుతోందా చూడాలి. ఈ రెండింటిలో ఏదీ జరగకపోతే స్పార్క్ వైపు వెళ్లండి.

గాలి లీకు వెతకడం

ఎయిర్ క్లీనర్ డబ్బా తీసి పక్కన పెడితే కార్బొరేటర్, దాని చుట్టూ సన్నని రబ్బరు గొట్టాలు కనబడతాయి. ఏ గొట్టం ఎక్కడ ఉందో ముందే ఫోనులో ఫొటో తీసుకోండి. ఇంజన్ నడుస్తుండగా ఒక్కో గొట్టాన్ని గుడ్డ చుట్టిన ప్లయర్‌తో మెల్లగా నొక్కండి. ఏదో ఒకటి నొక్కగానే ఇంజన్ నిలకడకు వస్తే లీకు ఆ దారిలోనే ఉంది. మా బండిలో ఆ గొట్టం పైకి బాగానే కనిపించింది. వేళ్ల మధ్య వంచితే, పైపు మీదికి తొడిగే చివర గోటి గాటంత చీలిక నోరు తెరిచింది. చెవి దగ్గర పెడితే సన్నగా ఈల. చీలిన చివర కత్తిరించి మళ్లీ తొడగవచ్చు గానీ, గొట్టం గట్టిపడి ఉంటే మొత్తం మార్చడమే మేలు.

గొట్టాలన్నీ బాగుంటే కార్బొరేటర్ అడుగున ఉన్న గ్యాస్కెట్ చూడాలి. పాత పెయింట్ బ్రష్‌తో సబ్బు నీళ్లు ఆ అతుకు చుట్టూ పూయండి. ఇంజన్ శబ్దం మారిన చోట లీకు ఉంది. కొందరు పెట్రోలు చల్లి చూస్తారు. దయచేసి ఆ పని చేయకండి, వేడి ఇంజన్ మీద మంట లేవడానికి క్షణం చాలు.

స్పార్క్

ఇది మూడు సిలిండర్ల ఇంజన్. ఒక్కటి పనిచేయకపోయినా మూడో వంతు బలం పోయినట్టే, అందుకే అంతలా కుదిపేస్తుంది. ఆ ఒక్కటి ఏదో తెలుసుకోవాలంటే ఇంజన్ ఆపి, ఒక ప్లగ్ వైరు తీయండి. దాని చివర ఒక పాత ప్లగ్గు తగిలించి, ఆ ప్లగ్గు లోహం ఇంజన్ లోహానికి తాకేలా కట్టి స్టార్ట్ చేయండి. వణుకు పెరిగితే ఆ సిలిండర్ బాగానే ఉంది. ఏ తేడా లేకపోతే అదే దొంగ. నడుస్తున్న ఇంజన్ మీద చేత్తో వైరు లాగకండి, షాక్ గట్టిగా కొడుతుంది.

ప్లగ్గు విప్పితే దాని మొనే కథ చెబుతుంది. లేత గోధుమ రంగు మంచిది. పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువ, సున్నంలా తెల్లగా ఉంటే తక్కువ. నూనెతో తడిసి ఉంటే ఇంజన్ లోపల అరుగుదల. మెరుపు దూకే మొనల మధ్య గ్యాప్ 0.7 నుంచి 0.8 మి.మీ. ఉండాలి. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి చూస్తే, పాడైన వైర్ల మీద నీలి మెరుపులు దూకుతూ కనబడతాయి. పాయింట్లు (కాయిల్‌కు కరెంటు కలిపి తెంపే చిన్న స్విచ్) ఉన్న పాత డిస్ట్రిబ్యూటర్ అయితే పాయింట్లు కాలి గుంటలు పడ్డాయేమో చూసి, గ్యాప్ 0.4 నుంచి 0.5 మి.మీ. పెట్టండి. పాయింట్లు పదేపదే కాలిపోతుంటే వాటిని కాలకుండా కాపాడే కండెన్సర్ కూడా మార్చాలి.

పెట్రోలు

ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి, కార్బొరేటర్ మీది ఫ్యూయల్ కట్ సోలెనాయిడ్ (తాళం తీస్తే ఐడ్లింగ్ పెట్రోలును ఆపే కరెంటు వాల్వు) వైరు తీసి మళ్లీ పెట్టండి. టిక్కుమనాలి. శబ్దం రాకపోతే కరెంటు అందడం లేదు, లేదా సోలెనాయిడ్ పోయింది. అది పోతే యాక్సిలరేటర్ మీద బండి నడుస్తుంది, కాలు తీస్తే ఆగిపోతుంది. వదులైన ఈ ఒక్క వైరు వల్ల కార్బొరేటర్ మొత్తం విప్పించుకున్నవారు ఉన్నారు. పాయింట్ల బండిలో తాళం ఎక్కువసేపు ఆన్‌లో ఉంచకండి, కాయిల్ వేడెక్కుతుంది.

తరువాత పెట్రోలు ఫిల్టరు మార్చండి. ఐడ్లింగ్ జెట్ విప్పి, కార్బొరేటర్ క్లీనర్‌తో కడిగి, గాలితో ఊదండి. తీగ పెట్టి పొడవకండి. ఆ రంధ్రం కొలత పెద్దదైతే జెట్ మార్చడం తప్ప దారి లేదు. ఇప్పుడు బంకుల్లో పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు భాగాలు దానికోసం చేసినవి కావు, నెలల తరబడి కదలని బండి ట్యాంకులో అది తేమనూ పీల్చుకుంటుంది. కనుక బండిని వారానికోసారైనా నడపండి, పెట్రోలు పైపులు తడిమి చూస్తూ ఉండండి.

ఇప్పుడు స్క్రూలు

ఇంజన్ పావుగంట నడిచి వేడెక్కాలి, చోక్ పూర్తిగా లోపలికి ఉండాలి, ఎయిర్ క్లీనర్ మళ్లీ బిగించి ఉండాలి. గాలి, పెట్రోలు పాళ్లు మార్చే మిక్చర్ స్క్రూ ఇప్పుడున్న చోటును మార్కర్‌తో గుర్తు పెట్టుకుని, ఇంజన్ తడబడేదాకా పావు చుట్టు చొప్పున లోపలికి తిప్పండి. అక్కడి నుంచి మెల్లగా వెనక్కి తిప్పుతూ, శబ్దం అన్నిటికంటే నిలకడగా వినిపించిన చోట ఆపండి. బలంగా బిగిస్తే సూది మొన పాడవుతుంది. ఆ తరువాత ఐడ్లింగ్ స్క్రూతో నిమిషానికి సుమారు 900 చుట్లకు తెచ్చుకోండి. చుట్లు కొలిచే మీటరు లేకపోతే పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే కేంద్రంలో ఈ చివరి పని చేయించుకోవడం మంచిది. కార్బన్ మోనాక్సైడ్ శాతం అక్కడే తెలుస్తుంది. భారత్ స్టేజ్ కాలుష్య నిబంధనలకు ముందటి పెట్రోలు కార్లకు అది 3 శాతం దాటకూడదు.

ఇవన్నీ చేసినా ఒక సిలిండర్ మొండికేస్తే కంప్రెషన్ పరీక్ష (సిలిండర్ లోపలి ఒత్తిడి కొలవడం) చేయించి, వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర వదలాల్సిన సన్న సందు) చూపించండి. ఆ పనికి కార్బొరేటర్ బండ్లు విప్పి చేయి తిరిగిన పాత మెకానిక్ దగ్గరికే వెళ్లండి. మీరు రాసుకున్న కాగితం, తీసిన ప్లగ్గులు ఆయన చేతికివ్వండి.