చింతపిక్కలతో వామనగుంటలు
మా చిన్నదానికి ఆరో ఏడు. పెన్సిల్ పట్టుకుంటే రెండు లైన్లకే చెయ్యి నొప్పంటుంది. ఇంకో కాపీ పుస్తకం కొనబోయి ఆగి, అటక మీదున్న అమ్మ వామనగుంటల పీట దించాను.

పీట లేకపోతే గచ్చు మీద సుద్దతో 14 గళ్లు గీయండి, ఏడేసి చొప్పున రెండు వరసలు. గుంటకి ఐదేసి చింతపిక్కలు, మొత్తం 70.

తన వైపు ఒక గుంటలోవన్నీ తీసి, కుడివైపుగా గుంటకొకటి పంచుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే పక్క గుంటలోవి తీసి మళ్లీ పంచాలి. పక్క గుంట ఖాళీగా ఉంటే దాని అవతలి గుంటలోవన్నీ మనవే, ఇక ఎదుటివాళ్ల వంతు. ఊరికో పద్ధతి ఉంటుంది, మీ అమ్మమ్మ చెప్పిందే ఆడండి.

అసలు కిటుకు పంచడంలో ఉంది. పిక్కలన్నీ ఒకే గుప్పిట్లో ఉంచుకుని, బొటనవేలితో ఒక్కొక్కటే వేళ్ల కొసకి తోసుకోవాలి. రెండో చెయ్యి సాయం వద్దు. పెన్సిల్‌కి కావలసిన వేళ్లు అవే. మొదట్లో జారిపోతాయి, పోనివ్వండి. మీరు ఏరిపెట్టకండి.

మధ్యలో "ఎన్నొచ్చాయే, చెప్పు" అని లెక్కల పరీక్ష పెట్టకండి. నేను పెట్టిన సాయంత్రం అది లేచి వెళ్లిపోయింది. ఆట తనది. ఇప్పుడు పిక్కలు ఎత్తకముందే ఎక్కడ ఆగుతాయో కళ్లతోనే లెక్కపెట్టుకుంటోంది, నేనడక్కుండానే.

ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే పిక్కలు అందనివ్వకండి, నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. ఆట అవగానే 70 లెక్కచూసి డబ్బాలో వేసి మూత పెట్టేయండి.